దాచేసినంత మాత్రాన వద్దన్నట్టు కాదు

ఫోన్‌లో ఏదైనా తెలుగు వార్తల సైటు తెరవండి. వార్త కనబడేలోపే మూడు నాలుగు డబ్బాలు అడ్డం పడతాయి. అడుగున కుకీల (మనల్ని గుర్తుపట్టడానికి సైటు మన బ్రౌజర్‌లో పెట్టే చిన్న ఫైళ్ల) పట్టీ. మధ్యలో "తాజా వార్తల నోటిఫికేషన్లు కావాలా?" అన్న ప్రశ్న, దాని కింద "అనుమతించు", "తర్వాత" అని రెండు బటన్లు. పైన "యాప్‌లో చదవండి". ఓ మూల మీ ఫొటోతో సహా గూగుల్ లాగిన్. చాలామంది చేతికి అందిన బటన్ నొక్కేసి ముందుకు పోతారు. చేతికి అందేది ఎప్పుడూ పెద్దగా, రంగు వేసి ఉన్న "అంగీకరిస్తున్నాను" బటనే. అలా అందేట్టే దాన్ని అక్కడ పెట్టారు మరి.

నా తెర మీద ఏం కనబడాలో నిర్ణయించుకునే హక్కు నాది. ఈ డబ్బాలు తీసేయడానికి సైటువాళ్ల అనుమతి అక్కర్లేదు, ప్రోగ్రామింగూ రానక్కర్లేదు. అయితే డబ్బాని దాచడం ఒక పని, అది అడిగినదానికి ఒప్పుకోకపోవడం ఇంకో పని. ఈ రెండిటినీ ఒకటే అనుకుని, పట్టీ కనబడటం లేదు కాబట్టి ట్రాకింగ్ (మనం ఏం చూస్తున్నామో వెంబడించి గమనించడం) పీడ కూడా వదిలిందని ధీమాగా ఉండేవాళ్లే ఎక్కువ. నా పేచీ అక్కడ.

ముందు ఒక సందేహం తీర్చాలి. "పాప్-అప్ బ్లాకర్ ఆన్‌లోనే ఉంది కదా, ఇవెందుకు వస్తున్నాయి?" అని అడుగుతుంటారు. ఆ బ్లాకర్ ఆపేది కొత్తగా తెరుచుకునే విండోలనూ ట్యాబ్‌లనూ. ఒకప్పటి బెడద అదే. 2004లో విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2తో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి కూడా బ్లాకర్ వచ్చాక ఆ దారి దాదాపు మూసుకుపోయింది. దాంతో డబ్బాలు పేజీ లోపలికే దిగాయి. ఇప్పుడు కనబడేది పేజీలో ఓ భాగం, వార్త ఎలాగో అదీ అలాగే. బ్రౌజర్‌కి రెండూ ఒకటే. ఏది వార్తో ఏది అడ్డమో మనమే చెప్పాలి.

ఈ డబ్బా గీసిందెవరు?

ఇది తెలిస్తే సగం పని అయినట్టే. కంప్యూటర్‌లో డబ్బా మీద రైట్ క్లిక్ చేసి "ఇన్‌స్పెక్ట్" నొక్కండి. కింద కోడ్ తెరుచుకుని డబ్బాకి సంబంధించిన వరుస మెరిస్తే అది పేజీ గీసినది. రైట్ క్లిక్ మెనూ అసలు రాకుండా, డబ్బా అడ్రస్ బార్ నుంచి వేలాడుతుంటే అది బ్రౌజర్ స్వయంగా గీసినది. దాని మీద ఏ ఫిల్టరూ (ఫలానా డబ్బాని దాచమని మనం రాసే నియమం) పనిచేయదు, సెట్టింగ్స్‌లోనే మార్చుకోవాలి.

నోటిఫికేషన్ల అనుమతి అడిగే అసలు డబ్బా ఈ రెండో రకం. క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ వరకూ వెళ్లి, సైట్లేవీ నోటిఫికేషన్లు పంపకూడదన్న ఎంపిక పెట్టండి. ఫైర్‌ఫాక్స్‌లో అయితే ప్రైవసీ అండ్ సెక్యూరిటీ పేజీలో పర్మిషన్స్ దగ్గర నోటిఫికేషన్స్ పక్కనున్న సెట్టింగ్స్ బటన్ నొక్కి, కొత్త అభ్యర్థనల్ని ఆపే చెక్‌బాక్స్‌లో టిక్ పెట్టాలి. ఇదివరకే పొరపాటున అనుమతించిన సైట్ల జాబితా కూడా అక్కడే ఉంటుంది. సైటు మూసేసినా "మీ ఫోన్‌లో వైరస్ ఉంది" లాంటి సందేశాలు వస్తుంటే చాలాసార్లు మూలం ఆ జాబితాలోనే దొరుకుతుంది. ముందు దాన్ని ఖాళీ చేయండి.

ఇది చేశాక కూడా "నోటిఫికేషన్లు కావాలా?" అన్న డబ్బా వస్తూనే ఉంటే ఆశ్చర్యపోకండి. అది నకలు. బ్రౌజర్ డబ్బాలో ఒకసారి "బ్లాక్" నొక్కితే ఆ సైటు మళ్లీ అడగలేదు. పైగా 2020 జనవరిలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 72 నుంచి, పాఠకుడు పేజీలో ఏదో ఒకటి నొక్కితే తప్ప అసలు డబ్బా పైకి రాదు. అందుకని సైట్లు ముందు తమ సొంత డబ్బా గీసి, అందులో "అనుమతించు" నొక్కినవాళ్లకే అసలుది చూపిస్తాయి. "తర్వాత" నొక్కినవాళ్లని కొన్నాళ్లాగి మళ్లీ అడుగుతాయి. "వద్దు" అన్న బటన్ లేకపోవడం మరచిపోయి జరిగింది కాదు. ఈ నకలు డబ్బాలు పేజీ గీసినవే కాబట్టి ఫిల్టరుకి లొంగుతాయి.

గూగుల్ లాగిన్ డబ్బా రెండు వేషాల్లో వస్తుంది. క్రోమ్‌లో చాలా సైట్లకి దాన్ని బ్రౌజరే గీస్తుంది. సైట్ సెట్టింగ్స్‌లో "థర్డ్-పార్టీ సైన్-ఇన్" దగ్గర ఆపేయొచ్చు. ఫైర్‌ఫాక్స్‌లో మాత్రం అది పేజీలో ఒక ఐఫ్రేమ్ (పేజీ లోపల ఇమిడిన ఇంకో పేజీ), దాన్ని ఫిల్టరుతో దాచాలి. దాని స్క్రిప్టుని మొత్తానికే బ్లాక్ చేస్తే "గూగుల్‌తో లాగిన్" బటన్ కూడా చచ్చిపోతుంది, కాబట్టి ఐఫ్రేమ్‌ని దాచి ఊరుకోండి.

ఫిల్టరు రాయడం

పనిముట్టు యూబ్లాక్ ఆరిజిన్. రేమండ్ హిల్ 2014లో మొదలుపెట్టిన ఉచిత ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాం. యాడ్ బ్లాకర్‌గా దీనికి పేరుంది గానీ దీని అసలు బలం మన సొంత నియమాలు రాసుకునే వీలు. దాని ఐకాన్ నొక్కితే వచ్చే ప్యానెల్‌లో మెరుపు బొమ్మ ఒకటి, డ్రాపర్ బొమ్మ ఒకటి ఉంటాయి. మెరుపుతో నొక్కిన డబ్బా అప్పటికి మాయమవుతుంది, పేజీ మళ్లీ తెరిస్తే మళ్లీ వస్తుంది. ఒక్కసారి చూసి వదిలేసే పేజీకి అది చాలు. రోజూ చదివే సైటుకి డ్రాపర్ వాడాలి.

డ్రాపర్ నొక్కి డబ్బా మీద క్లిక్ చేస్తే కుడివైపు అడుగున చిన్న పెట్టెలో ఫిల్టరు కనబడుతుంది. దాని రూపం ఇది: సైటు పేరు, ఖాళీ వదలకుండా ## గుర్తు, ఆ వెంటనే డబ్బా ఆనవాలు. ఆనవాలు ముందు # ఉంటే అది ఐడీ (పేజీలో ఒక్క భాగానికే పెట్టే పేరు), చుక్క ఉంటే క్లాస్ (చాలా భాగాలు పంచుకోగల పేరు). (పేర్లన్నీ ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి.) ఐడీ దొరికితే ఐడీయే ఎంచుకోండి. "ప్రివ్యూ" నొక్కి, ఏం మాయమైందో, ఏం మిగిలిందో చూసి, ఆ తర్వాతే "క్రియేట్". ఈ ప్రివ్యూ దాటేసేవాళ్లే తర్వాత సైటు పాడైందని వాపోతారు.

డబ్బా పోయింది, కానీ పేజీ కదలడం లేదు. అందరికీ మొదట ఎదురయ్యే చిక్కు ఇదే. డబ్బాని తెర మీద పెట్టేటప్పుడు సైటు రెండు మూడు పనులు కలిపి చేస్తుంది. డబ్బా గీస్తుంది, వెనకాల పేజీ అంతటా మసక పొర పరుస్తుంది, పేజీ అంతటినీ చుట్టి ఉండే బాడీ ట్యాగుకి "ఓవర్‌ఫ్లో: హిడెన్" అని తగిలించి స్క్రోల్‌కి తాళం వేస్తుంది. మనం తీసింది మొదటిదాన్ని మాత్రమే. తాళానికి ఇంకో వరుస కావాలి: సైటు పేరు, ##, బాడీ, దానికి అంటించి :స్టైల్ అని రాసి, బ్రాకెట్లలో "ఓవర్‌ఫ్లో: ఆటో !ఇంపార్టెంట్". అప్పటికీ కదలకపోతే బాడీకి బదులు హెచ్‌టీఎంఎల్ ట్యాగు పెట్టి చూడండి. కొన్ని సైట్లు బాడీకి "పొజిషన్: ఫిక్స్‌డ్" కూడా పెడతాయి, దాన్ని "స్టాటిక్" చేయాలి. బూట్‌స్ట్రాప్ అనే రెడీమేడ్ డిజైన్ కోడ్‌తో కట్టిన సైట్లలో ఈ తాళం "మోడల్-ఓపెన్" అనే క్లాస్ రూపంలో బాడీ మీద ఉంటుంది. :రిమూవ్-క్లాస్ అనే చర్యతో ఆ క్లాస్‌ని పీకేయొచ్చు.

పేజీ కదులుతోంది గానీ లింకులు పనిచేయడం లేదంటే పొర మిగిలిపోయిందన్నమాట. కొన్నిసార్లు అది పూర్తిగా పారదర్శకం, కంటికి కనబడదు, క్లిక్కులన్నీ మింగేస్తుంది. మళ్లీ డ్రాపర్ తీసుకుని ఖాళీ చోట క్లిక్ చేస్తే అదే చిక్కుతుంది.

ఆనవాళ్లు నిలవకపోవడం మరో చిక్కు. రియాక్ట్ లాంటి సైటు నిర్మాణ పనిముట్లతో కట్టిన చాలా సైట్లలో క్లాస్ పేర్లు అర్థంలేని అక్షరాల గుంపులు. సైటుని కొత్తగా బిల్డ్ చేసినప్పుడల్లా మారిపోతుంటాయి. ఇవాళ రాసిన ఫిల్టరు వచ్చే వారానికి దండగ. అలాంటిచోట మారనివాటిని పట్టుకోవాలి. డబ్బా కోడ్‌లో రోల్ "డైలాగ్" అని ఉందా, ఏరియా-మోడల్ "ట్రూ" అని ఉందా, ఐడీలో మొదటి భాగమైనా స్థిరంగా ఉందా చూడండి. అవేవీ లేకపోతే మిగిలేది డబ్బాలోని మాటలే.

మాటల్ని పట్టుకునే :హ్యాజ్-టెక్స్ట్ తెలుగుకీ పనిచేస్తుంది, కానీ ఒక ఉచ్చు ఉంది. "నోటిఫికేషన్లు" అన్న మాటే తీసుకోండి. ఒక సైటు న-కి ల వత్తు కలిసేలా రాస్తుంది. ఇంకో సైటు పొల్లు విడిగా నిలిచేలా "నోటిఫికేషన్‌లు" అని రాస్తుంది. ఆ రెండో రూపంలో పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక క్యారెక్టరు, జీరో విడ్త్ నాన్-జాయినర్, ఉంటుంది. మీరు టైప్ చేసినదాంట్లో అది లేకపోతే రెండు మాటలూ కంప్యూటర్‌కి వేర్వేరు, ఫిల్టరు కిమ్మనదు. అందుకని మాట మొత్తం ఇవ్వకుండా పొల్లు రాకముందే ఆపేయండి. "నోటిఫికేష" చాలు. ఎలా రాసినా అంతవరకూ ఒకేలా ఉంటుంది.

రెండో ఉచ్చు ఇంకా పెద్దది. పేజీని భాగాలుగా చుట్టే డివ్ ట్యాగుల్లో "నోటిఫికేష" ఉన్నదాన్ని దాచమంటే, ఆ మాట ఉన్న డబ్బానే కాదు, ఆ డబ్బాని లోపల పెట్టుకున్న ప్రతి డివ్‌నీ, చివరికి పేజీ మొత్తాన్నీ దాచేస్తుంది. తెల్ల కాగితం మిగులుతుంది. కాబట్టి మాటతో పాటు ఇంకో షరతు జోడించాలి. ఈ డబ్బాలు ఎక్కువగా తెరకి అతుక్కుని ఉంటాయి గనక :మ్యాచెస్-సీఎస్‌ఎస్ అని రాసి బ్రాకెట్లలో "పొజిషన్: ఫిక్స్‌డ్" ఇచ్చి, ఆ తర్వాత :హ్యాజ్-టెక్స్ట్ పెట్టండి. అతుక్కుని ఉండి, ఆ మాట కూడా ఉన్నవే పోతాయి. ఐఫ్రేమ్ లోపలున్న మాటలకి మాత్రం బయటి పేజీ మీద రాసిన నియమం అందదు. అప్పుడు ఐఫ్రేమ్‌నే దాచాలి.

ఈ నియమాల్ని స్టైలస్ ఎక్స్‌టెన్షన్‌లో సీఎస్‌ఎస్‌ (పేజీ రూపాన్ని నిర్ణయించే భాష)గానూ రాసుకోవచ్చు. అక్కడ మనం రాసింది సైటు రాసినదానితో సమాన హోదాలో పోటీపడుతుంది కాబట్టి ప్రతి వరుసకీ !ఇంపార్టెంట్ తగిలించక తప్పదు. యూబ్లాక్ దాచే నియమాలు యూజర్ స్టైల్ హోదాలో వెళ్తాయి, సైటు ఎన్ని !ఇంపార్టెంట్‌లు పెట్టుకున్నా వాటిదే పైచేయి. స్టైలస్‌కి మూలమైన స్టైలిష్ మాత్రం వద్దు. వాడేవాళ్ల బ్రౌజింగ్ చరిత్రని సేకరిస్తోందని 2018లో బయటపడి, మొజిల్లా, గూగుల్ రెండూ దాన్ని తమ స్టోర్ల నుంచి తీసేశాయి. "ఐ డోంట్ కేర్ అబౌట్ కుకీస్" అనే, కుకీ డబ్బాల్ని తీసేసే ఎక్స్‌టెన్షన్ 2022లో అవాస్ట్ కంపెనీ చేతికి వెళ్లినప్పుడు కొందరు దాన్ని వదిలేసి, దాని కోడ్‌తోనే వచ్చిన "ఐ స్టిల్ డోంట్ కేర్ అబౌట్ కుకీస్"కి మారింది ఇలాంటి అనుమానంతోనే. తెరిచిన ప్రతి పేజీనీ చూడగలిగే పనిముట్టుని ఎవరి చేతిలో పెడుతున్నామన్నది చిన్న విషయం కాదు.

రెడీమేడ్ జాబితాలు

ఇంత శ్రమ ఎందుకు, రెడీమేడ్ జాబితాలు ఉన్నాయి కదా అనొచ్చు. ఉన్నాయి. యూబ్లాక్ సెట్టింగ్స్‌లో ఫిల్టర్ లిస్ట్స్ ట్యాబ్‌లో "కుకీ నోటీసెస్", "అనాయెన్సెస్" విభాగాలు మామూలుగా టిక్ లేకుండా ఉంటాయి. టిక్ పెట్టి "అప్లై" నొక్కితే చాలా భాగం పోతుంది. కుకీ డబ్బాల్ని సైట్లు సొంతంగా తయారుచేసుకోవడం తక్కువ, వన్‌ట్రస్ట్, కుకీబాట్, డిడోమి లాంటి కంపెనీల దగ్గర కొనుక్కుంటాయి. ఆ కంపెనీ డబ్బా ఐడీ ఏ సైటులో అయినా అదే. ఒక్క వరుసతో వేల సైట్లలో పని జరుగుతుంది.

ఐడీ అంత ప్రత్యేకం కాబట్టే అది నిరపాయం. క్లాస్ పేరులో "కుకీ" అన్న ముక్క ఎక్కడున్నా దాచెయ్ అని అన్ని సైట్లకీ కలిపి రాస్తే, బిస్కెట్లు చేయడం నేర్పే వంటల పేజీ కూడా పోతుంది. "ఓవర్‌లే" అని రాస్తే వీడియో ప్లేయర్ బటన్లు పోతాయి. సైటు పేరు లేకుండా ## తో మొదలయ్యే నియమం రాసే ముందు రెండుసార్లు ఆలోచించండి.

దాచాక ఏమవుతుంది?

ఇది ఏ దేశంలో చదువుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒకే తెలుగు సైటు గుంటూరులో తెరిస్తే పల్చటి పట్టీ ఒకటి రావచ్చు, లేదా ఏమీ రాకపోవచ్చు. ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో లండన్‌లోనో తెరిస్తే తెర మొత్తం కప్పేసే డబ్బా వస్తుంది. యూరప్, బ్రిటన్ పాఠకులకి గూగుల్ ప్రకటనలు చూపించే సైట్లు గూగుల్ ఆమోదించిన సమ్మతి వ్యవస్థనే వాడాలని 2024 జనవరి నుంచి నిబంధన వచ్చింది. అక్కడి సమ్మతి చట్టం వెనక సరుకుంది. టిక్ ముందే పెట్టి ఉంచిన బాక్సు సమ్మతి కిందికి రాదని యూరోపియన్ న్యాయస్థానం 2019 అక్టోబరులో ప్లానెట్49 కేసులో తేల్చింది. ఒప్పుకోవడం ఒక్క క్లిక్కు, కాదనడానికి అనేక క్లిక్కులు పెట్టినందుకు ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ గూగుల్‌కి 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కి 6 కోట్ల యూరోలు జరిమానా వేసినట్టు 2022 జనవరిలో ప్రకటించింది. కాబట్టి అక్కడ జవాబివ్వకుండా డబ్బాని దాచేస్తే చట్టప్రకారం ఒప్పుకోనట్టే. సైటు ఆ చట్టాన్ని పాటిస్తుందా అన్నది వేరే ప్రశ్న. నికరంగా "వద్దు" అని నమోదు కావాలంటే డెన్మార్క్‌లోని ఆర్హుస్ విశ్వవిద్యాలయం వాళ్ల కన్సెంట్-ఓ-మ్యాటిక్ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది. అది డబ్బాని దాచడం కాదు, లోపలికెళ్లి మీ తరఫున తిరస్కరణ బటన్లు నొక్కి వస్తుంది. యూరప్‌లో ఉన్నవాళ్లకి నేను చెప్పేది ఇదే.

మన దగ్గర కథ వేరు. "ఈ సైటు వాడుతూ ఉంటే మా కుకీలకి ఒప్పుకున్నట్టే" అని రాసి, ఒక "ఓకే" బటన్ పెట్టిన పట్టీలు కోకొల్లలు. అలాంటివి చాలావాటిలో మీరు ఆ వాక్యం చదివేసరికే కుకీలు పడిపోయి ఉంటాయి. ఓకే నొక్కినా, దాచినా, పక్కకి నెట్టినా ఫలితం ఒక్కటే. దాన్ని దాచడంలో పోయేదేమీ లేదు, దాచడం వల్ల ట్రాకింగ్ తగ్గేదీ లేదు. తగ్గించేవి వేరే. యూబ్లాక్‌లో మొదటి నుంచీ ఆన్‌లో ఉండే ఈజీప్రైవసీ జాబితా ఒకటి. ఒక సైటులో పడ్డ కుకీ ఇంకో సైటులో కనబడకుండా ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి మామూలుగానే కట్టే గోడ ఇంకొకటి. పట్టీని దాచేవాళ్లు ఈ రెండూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. లేకపోతే మీరు దాచింది హెచ్చరికని మాత్రమే.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, స్పష్టమైన చర్య ద్వారా ఉండాలంటోంది. అడిగే నోటీసుని ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో దేంట్లో గానీ చదువుకునే వీలుండాలంటోంది. అంటే తెలుగులో కూడా. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన బాధ్యతలకి 18 నెలల గడువు ఇచ్చారు. ఆ గడువు దగ్గరపడేకొద్దీ డబ్బాలు పెరుగుతాయని నా అంచనా. అప్పుడు వాటిలో కొన్నిటికి నిజంగా విలువ ఉంటుంది, చూడకుండా దాచకూడదు. ఒప్పుకోనంతవరకూ పదేపదే వేధించడం, కాదన్నవాడిని చిన్నబుచ్చేలా బటన్ మీద రాయడం 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ నోటిఫై చేసిన 13 డార్క్ ప్యాటర్న్‌లలో (వాడేవాళ్లని ఏమార్చే డిజైన్ ఎత్తుల్లో) ఉన్నాయి. షాపింగ్ సైట్ల మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకి ఫిర్యాదు చేయొచ్చు.

ఏ బ్రౌజర్‌లో

ఫైర్‌ఫాక్స్. కంప్యూటర్‌లోనూ, ఆండ్రాయిడ్‌లోనూ. క్రోమ్ తన ఎక్స్‌టెన్షన్ల పద్ధతి మార్చాక పూర్తి యూబ్లాక్ ఆరిజిన్ అందులో నడవడం లేదు. యూబ్లాక్ ఆరిజిన్ లైట్ ఉంది గానీ పైన చెప్పిన సూక్ష్మమైన నియమాలకి అది సాటిరాదు. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో అయితే ఎక్స్‌టెన్షన్లే లేవు. ఫైర్‌ఫాక్స్ ఆండ్రాయిడ్ యాప్‌లో మెనూ, ఎక్స్‌టెన్షన్స్‌కి వెళ్తే యూబ్లాక్ అక్కడే దొరుకుతుంది. మెరుపూ డ్రాపరూ ఫోన్‌లో కూడా పనిచేస్తాయి, వేలితో గురిపెట్టడమే కాస్త విసుగు. కంప్యూటర్‌లో రాసుకున్న నియమాల్ని "మై ఫిల్టర్స్" ట్యాబ్‌లో ఎక్స్‌పోర్ట్ చేసి ఫోన్‌లో ఇంపోర్ట్ చేసుకోవడం తేలిక. ఫేస్‌బుక్ యాప్‌లో నొక్కిన లింకు ఆ యాప్ సొంత బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, అక్కడ ఇవేవీ వర్తించవు. ఐఫోన్‌లో ఐఓఎస్ 18 నుంచి సఫారీ పేజీ మెనూలో "హైడ్ డిస్ట్రాక్టింగ్ ఐటమ్స్" ఉంది, మామూలు అవసరాలకి సరిపోతుంది.

ఇదంతా సైట్లకి అన్యాయం కాదా అంటే, నేను ఒప్పుకోను. పొద్దున్నే పేపర్ విప్పేముందు మధ్యలో దూర్చిన కరపత్రాల్ని దులిపేసుకుంటాం, దాన్నెవరూ దొంగతనం అనరు. 1996లో వచ్చిన మొట్టమొదటి సీఎస్‌ఎస్ ప్రమాణంలోనే పాఠకుడు తన సొంత స్టైల్ షీట్ పెట్టుకునే వీలుంది. ఇది దొడ్డిదారి కాదు, వెబ్ పుట్టుకలోనే ఉన్న ఏర్పాటు. ప్రకటనల మాట వేరు. సైటు వాటి మీదే బతుకుతుందనుకునేవాళ్లు ఫిల్టర్ లిస్ట్స్‌లో ప్రకటనల జాబితాల టిక్ తీసేసి, నోటీసుల జాబితాలూ సొంత నియమాలూ మాత్రం ఉంచుకోవచ్చు. చందా కట్టమని అడిగే తెరని దాచి లోపలి వ్యాసం చదవడాన్ని మాత్రం నేను ఈ లెక్కలో వేయను. అది నోటీసు కాదు, ధర.

ఇక నిర్వహణ. "మై ఫిల్టర్స్"లో ఆశ్చర్యార్థకంతో మొదలైన వరుస వ్యాఖ్య కిందికి వస్తుంది. ప్రతి నియమం పైనా ఏ సైటు, ఏ డబ్బా, ఏ నెల అన్నది ఒక ముక్క రాసిపెట్టుకోండి. ఆరు నెలల తర్వాత ఏదో బటన్ కనబడకపోతే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. అనుమానం వస్తే ప్యానెల్‌లో కన్ను బొమ్మ నొక్కండి, ఆ సైటులో దాచే నియమాలన్నీ ఆగిపోతాయి. బటన్ తిరిగొచ్చిందా, తప్పు మనదే. జాబితాలోని ఫలానా నియమం ఒక సైటుకి వద్దనుకుంటే, అదే వరుసని ## బదులు #@# పెట్టి రాస్తే మినహాయింపు దొరుకుతుంది.

బ్యాంకులు, రైలు టికెట్లు, పన్నులు, పరీక్ష దరఖాస్తులు లాంటి సైట్లలో మాత్రం యూబ్లాక్ ప్యానెల్‌లోని పెద్ద పవర్ బటన్ నొక్కి పూర్తిగా ఆపేయండి. అక్కడ ఓటీపీ అడిగే డబ్బా కూడా రోల్ "డైలాగ్" అన్న ఆనవాలుతోనే, తెరకి అతుక్కునే రావచ్చు. మీ నియమం దాన్ని దాచేస్తే ఓటీపీ ఫోన్‌కి వస్తుంది, కొట్టడానికి చోటు ఉండదు, గడువు అయిపోయి లావాదేవీ విఫలమవుతుంది. ఒకసారి నొక్కితే ఆ సైటు మినహాయింపుల జాబితాలోకి వెళ్తుంది, ప్రతిసారీ నొక్కే పని ఉండదు. చెల్లింపు పేజీ వేరే డొమైన్‌లో తెరుచుకుంటే దానికి కూడా విడిగా నొక్కాలి.